ఆ జిప్ ఫైల్ బ్రౌజర్‌లో వేయకండి: తిరుపతి, చిత్తూరు నెట్ సెంటర్ల వాళ్లకు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరుల్లో నెట్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, ఆన్‌లైన్ సర్వీస్ కౌంటర్లు నడుపుతున్న అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు నమస్కారం.

మీలో చాలామందికి నేను తెలుసు. సిస్టమ్ ఆన్ కాకపోయినా, ప్రింటర్ పేపర్ లాగకపోయినా, విండోస్ మళ్లీ ఎక్కించాలన్నా మీరు ఫోన్ చేసే సర్వీసింగ్ వాళ్లలో నేనూ ఒకణ్ణి. బస్టాండ్ చుట్టుపక్కల, బాలాజీ కాలనీ, కొర్లగుంట, అటు చిత్తూరులో గ్రీమ్స్‌పేట దాకా మీ కౌంటర్ల వెనక కూర్చుని పని చేసుకుని బతికేవాణ్ణి. మీ పొట్ట కొట్టే మాట నేను చెప్పను. కానీ ఈమధ్య మీ మెషిన్లు తెరిచినప్పుడల్లా ఒకటే కనపడుతోంది. విడివిడిగా చెప్తే "సరేలే అన్నా, తీసేస్తా" అంటారు, మళ్లీ వెళ్లేసరికి అక్కడే ఉంటుంది. అందుకని అందరికీ కలిపి రాస్తున్నాను.

మూడొందల రూపాయల దర్శనం టికెట్ల కోటా మామూలుగా నెల నెలా 24వ తేదీ పొద్దున పదికి తెరుస్తారు. దానికి ఒకటి రెండు రోజుల ముందు గ్రూపుల్లో ఒక జిప్ ఫైల్ తిరగడం మొదలవుతుంది. ఒకసారి "ఆటోఫిల్" అంటారు, ఒకసారి "ఫాస్ట్ బుకింగ్" అంటారు, పని మాత్రం ఒకటే: బుకింగ్ ఫారం దానంతట అదే నింపడం. దాన్ని డెస్క్‌టాప్ మీద ఎక్స్‌ట్రాక్ట్ చేస్తారు. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల) పేజీ తెరిచి, పైన మూలనున్న 'డెవలపర్ మోడ్' ఆన్ చేసి, 'లోడ్ అన్‌ప్యాక్డ్' నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తారు. అంతే, ఎక్కిపోయింది. తత్కాల్ టికెట్ల దగ్గరా ఇదే తంతు.

ఎక్స్‌టెన్షన్ స్టోర్ నుంచి వేసుకుంటే క్రోమ్ ముందు ఒక పెట్టె చూపిస్తుంది. ఇది ఏయే సైట్లలో మీ సమాచారం చదవగలదు, మార్చగలదు అని అందులో రాసి ఉంటుంది. నచ్చకపోతే అక్కడే ఆపేయొచ్చు. 'లోడ్ అన్‌ప్యాక్డ్' దారిలో ఆ పెట్టే రాదు. అడగదు, చెప్పదు. ఆ దారి పెట్టింది సొంతంగా ఎక్స్‌టెన్షన్ రాసుకునేవాళ్లు తమ కోడ్‌ను పరీక్షించుకోవడానికి. తన కోడ్ ఏం చేస్తుందో రాసినవాడికి తెలుసు కాబట్టి వాణ్ణి హెచ్చరించే పని లేదని బ్రౌజర్ లెక్క. మనం రాసినవాళ్లం కాదు, ఎవరు రాశారో కూడా మనకు తెలియదు.

ఒక సెంటర్‌లో కూర్చుని అలాంటి ఫోల్డర్ ఒకదాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. ప్రతి ఎక్స్‌టెన్షన్‌లోనూ మానిఫెస్ట్ అని ఒక చిన్న ఫైల్ ఉంటుంది. తనకు ఏ సైట్ల మీద అధికారం కావాలో అందులోనే రాసుకోవాలి. దర్శనం టికెట్ బుక్ చేయడానికి టీటీడీ సైట్ ఒక్కటి చాలు. ఇందులో 'ఆల్ యూఆర్ఎల్స్' అని ఉంది. అంటే బ్యాంకు పేజీ, ఆధార్ పేజీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పేజీ, మీరు ఆ బ్రౌజర్‌లో తెరిచే సైట్ ఏదైనా సరే, దానికి కనపడుతుంది. మిగతా కోడ్ అంతా ఒకే పొడుగాటి గీతలాగా, మనిషి చదవలేనట్టు మెలికలు తిప్పి ఉంది. అది దొంగదని నేను అనడం లేదు. కాదని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, మీ దగ్గరా లేదు. క్రోమ్ స్టోర్ ఇలా ఉద్దేశపూర్వకంగా దాచిన కోడ్‌ను 2018లోనే నిషేధించింది. జిప్ ఫైల్‌కు ఆ నిషేధం ఎక్కడ?

ఫారంలో పేరు, వయసు, ఆధార్ నంబర్ నింపే ఎక్స్‌టెన్షన్‌కు పేజీని చదివే శక్తి తప్పకుండా ఉండాలి, లేకపోతే ఏ గడి ఎక్కడుందో దానికి తెలియదు. అదే శక్తితో ఆ గడుల్లో ఉన్నది ఎత్తుకుని ఇంకో చోటికి పంపనూ వచ్చు. రెండు పనులకూ ఒకటే పర్మిషన్. కస్టమర్ తన ఫోన్ చూసి మీకు పైకి చదివి చెప్పే ఓటీపీ కూడా ఆ పేజీలోనే టైప్ అవుతుంది కదా.

"అందరూ వాడుతున్నారు, నేను మానేస్తే కస్టమర్ పక్క షాపుకు పోతాడు" అని నాతో అన్నవాళ్లు ఉన్నారు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. బుక్ కాకపోతే పైసా రాదు, బుక్ అయితేనే వంద వస్తుంది. అయితే ఈ తొందర ఎక్కడ పనికొస్తోందో చూడండి. కోటా తెరవగానే టీటీడీ సైట్ అందర్నీ వర్చువల్ క్యూలో నిలబెడుతుంది. ఆ వెయిటింగ్ పేజీని ఏ ఆటోఫిల్లూ దాటించలేదు. లోపలికి వెళ్లాక పేర్లు కొట్టే కాసేపు మిగులుతుంది, నిజమే. దానికి పేర్లు, నంబర్లు ముందే ఒక నోట్‌ప్యాడ్‌లో వరుసగా పెట్టుకుని కాపీ పేస్ట్ చేసే పాత పద్ధతి ఉంది, పని అయ్యాక సేవ్ చేయకుండా మూసేస్తే సరి. ఇక ఆర్జిత సేవల లక్కీ డిప్ రిజిస్ట్రేషన్ రెండు రోజులు తెరిచే ఉంటుంది, డిప్ తీసేది ఆ తర్వాత. దానికి కూడా ఈ ఎక్స్‌టెన్షన్ వాడేవాళ్లను చూశాను. దేనికోసమో ఆ వెంకన్నకే తెలియాలి.

బ్రౌజర్ల వాళ్లు ఈ తలుపులు మూయడానికి ఎంత తంటాలు పడ్డారో తెలిస్తే, వాటిని మనం చేతులారా తెరవడం ఎంత అన్యాయమో తెలుస్తుంది. ఒకప్పుడు విండోస్‌లో ఏ సైట్ నుంచైనా క్రోమ్ ఎక్స్‌టెన్షన్ దిగేది. వేరే సాఫ్ట్‌వేర్‌తో పాటు టూల్‌బార్లు వచ్చి కూర్చునేవి, హోమ్ పేజీ మారిపోయేది, మీకు గుర్తుండే ఉంటుంది. 2014లో గూగుల్ దాన్ని ఆపి, విండోస్‌లో స్టోర్ నుంచి తప్ప వద్దంది. ఫైర్‌ఫాక్స్ 2016 నుంచి, దాన్ని తయారు చేసే మొజిల్లా డిజిటల్ సంతకం లేని యాడ్-ఆన్‌ను (ఎక్స్‌టెన్షన్‌కు అక్కడి పేరు) మామూలు వెర్షన్‌లో నిలవనివ్వడం లేదు. ఆ సంతకం పట్టింపు ఎంతదంటే, 2019 మే నెలలో మొజిల్లా సర్టిఫికెట్ ఒకటి గడువు దాటిపోతే ప్రపంచమంతా ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. జనం తిట్టిపోశారు. కంపెనీ వాళ్లు నవ్వులపాలయ్యారు కానీ సంతకం పద్ధతి మాత్రం వదల్లేదు.

స్టోర్‌లో ఉంటే చాలు, అంతా క్షేమం అని కూడా నేను చెప్పను. ది గ్రేట్ సస్పెండర్ అని లక్షలమంది వాడిన ఎక్స్‌టెన్షన్ ఉండేది. తయారు చేసినాయన 2020లో దాన్ని వేరేవాళ్లకు అప్పగించాడు. 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ (హాని చేసే కోడ్) ఉందని గూగులే దాన్ని తీసేసింది. 2024 డిసెంబర్‌లో, అందరూ క్రిస్మస్ సెలవుల్లో ఉండగా, సైబర్‌హేవెన్ అనే సెక్యూరిటీ కంపెనీ ఉద్యోగికి దొంగ మెయిల్ పంపి, వాళ్ల స్టోర్ అకౌంట్‌లోకి దూరి, ఎక్స్‌టెన్షన్‌కు విషపు అప్‌డేట్ ఎక్కించారు. వాడేవాళ్లు ఏమీ నొక్కలేదు, అప్‌డేట్ దానంతట అదే దిగింది. సెక్యూరిటీ అమ్మేవాళ్ల గతే అదైతే మన గ్రూపులో తిరిగే జిప్ సంగతి చెప్పేదేముంది? కాబట్టి స్టోర్‌వి అయినా తక్కువ పెట్టుకోండి. ఉంచుకున్న దానికి 'డీటెయిల్స్' నొక్కితే 'సైట్ యాక్సెస్' అని ఉంటుంది. అక్కడ 'ఆన్ క్లిక్' పెడితే మీరు నొక్కినప్పుడు తప్ప అది పేజీ వైపు చూడదు.

ప్రకటనలు ఆపే యాడ్ బ్లాకర్ గురించి చాలామంది అడుగుతున్నారు. యూబ్లాక్ ఆరిజిన్ అనే పాత బ్లాకర్ క్రోమ్‌లో ఆగిపోయింది. అది వైరస్ అయినందుకు కాదు, ఎక్స్‌టెన్షన్ల పాత పద్ధతినే గూగుల్ ఎత్తేసింది. ఆ నిర్ణయం నాకూ నచ్చలేదు. కానీ ఆ కోపంతో ఎక్కడి నుంచో జిప్ తెచ్చి వేయడం మందు కాదు. క్రోమ్ స్టోర్‌లో యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది. పాతదే కావాలంటే ఫైర్‌ఫాక్స్‌లో ఇప్పటికీ పనిచేస్తుంది. రెండూ ఉచితమే.

యాడ్ బ్లాకర్ మీ షాపుకు అవసరమనే అంటాను. గూగుల్‌లో ప్రింటర్ మోడల్ కొట్టి 'డ్రైవర్ డౌన్‌లోడ్' అంటే, పైన 'స్పాన్సర్డ్' అని వచ్చేది చాలాసార్లు ఆ కంపెనీ సైట్ కాదు. అక్కడ పచ్చ రంగులో పెద్ద బటన్ ఉంటుంది, నొక్కితే డ్రైవర్‌కు బదులు 'డ్రైవర్ అప్‌డేటర్' దిగుతుంది. 2022 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌బీఐ కూడా సెర్చ్ ప్రకటనల్లో దొంగ డౌన్‌లోడ్లు వస్తున్నాయి, యాడ్ బ్లాకర్ వాడండి అని జనానికి చెప్పింది. వేలిముద్ర మెషిన్ల ఆర్‌డీ సర్వీస్ దగ్గర ఇంకా జాగ్రత్త. అది మీ కంప్యూటర్‌లో ఎప్పుడూ నడుస్తూ, బ్రౌజర్‌తో మాట్లాడుతూ, ఆధార్ వేలిముద్ర పట్టుకునే సాఫ్ట్‌వేర్. దాన్ని తయారీ కంపెనీ సైట్ నుంచే తీసుకోండి. యూట్యూబ్ వీడియో కింద లింక్ నుంచి కాదు.

ఇక క్రాక్‌లు, అంటే డబ్బు కట్టకుండా తాళం విరగ్గొట్టి వాడే సాఫ్ట్‌వేర్ కాపీలు. పాస్‌పోర్ట్ ఫొటోలకు ఫొటోషాప్, పెళ్లి కార్డులకు అను ఫాంట్లు, అన్నీ క్రాక్‌లే. డబ్బు పెట్టి కొనమంటే మీరు నన్ను కౌంటర్ దాటనివ్వరని తెలుసు. ఒక్క సంగతి గమనించండి: ఆ జిప్‌కు '1234' అని పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ను పక్కనే ఎందుకు రాస్తారు? దాచడానికైతే పక్కనే రాయరు కదా. పాస్‌వర్డ్ ఉంటే లోపలేముందో యాంటీవైరస్ చూడలేదు, అందుకు. దాని తర్వాత లైను "ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి". విండోస్ నీలం పెట్టె చూపించి ఆపితే 'మోర్ ఇన్ఫో', 'రన్ ఎనీవే' నొక్కమని వీడియోలోనే చెప్తాడు. ఆ నీలం పెట్టె వచ్చిన ప్రతిదీ వైరస్ కాదు, సంతకం కొనుక్కోలేని చిన్న డెవలపర్ల మంచి సాఫ్ట్‌వేర్‌కూ వస్తుంది. ఎవరు చేశారో తెలిసి, వాళ్ల సొంత సైట్ నుంచి తెచ్చుకున్నదైతే అప్పుడు ఆలోచించొచ్చు. క్రాక్‌కు ఆ వెసులుబాటు లేదు.

ఆ క్రాక్‌తో పాటు వచ్చేది పాతకాలం వైరస్ లాగా సిస్టమ్‌ను ఆపదు, స్లో కూడా చేయదు. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్లు, కుకీలు కొన్ని నిమిషాల్లో ఎత్తుకుని పోతుంది. కుకీ అంటే మీరు లాగిన్ అయ్యారని సైట్ మీ బ్రౌజర్‌కు ఇచ్చే గుర్తు. దాన్ని వేరే మెషిన్‌లో పెడితే చాలా సైట్లు వాణ్ణి మీరే అనుకుంటాయి, పాస్‌వర్డ్ అడగవు, ఓటీపీ అడగవు. "ఓటీపీ ఉంది కదన్నా, భయమేముంది" అనేవాళ్లకు నా జవాబు ఇదే. లుమ్మా అని ఇలాంటి దొంగ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. 2025 మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా, అంటే రెండు నెలల్లో, అది సోకిన 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లను గుర్తించామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది.

మీకు మాత్రమే తగిలే ఎర ఒకటి ఈమధ్య వచ్చింది. పొద్దున్నుంచి రాత్రి దాకా క్యాప్చాలు కొట్టి కొట్టి చేతులు వాటంతట అవే కదిలేది మనవాళ్లకే కదా. 'నేను రోబోను కాదు' అని నొక్కగానే ఒక పెట్టె వచ్చి, విండోస్ బటన్ పట్టుకుని ఆర్ నొక్కండి, తర్వాత కంట్రోల్ వీ, తర్వాత ఎంటర్ అని చెప్తుంది. అది క్యాప్చా కాదు. మీరు టిక్ కొట్టినప్పుడే ఒక కమాండ్ క్లిప్‌బోర్డ్‌లోకి చేరిపోయింది. దాన్ని మీ చేత్తోనే రన్ చేయిస్తున్నాడు. ఫైల్ డౌన్‌లోడ్ కాదు కాబట్టి బ్రౌజర్ హెచ్చరికా రాదు. ఏ నిజమైన క్యాప్చా కూడా బ్రౌజర్ బయటికి వెళ్లి కీ నొక్కమనదు. మీ దగ్గర పనిచేసే పిల్లలకు ఈ ఒక్కటైనా ఈరోజే చెప్పండి.

టీటీడీ సైట్ కోసం ప్రతిసారీ గూగుల్‌లో వెతకడం కూడా మానాలి. 2023 ఏప్రిల్‌లో ఒక నకిలీ సైట్ మీద తిరుమల వన్ టౌన్ పోలీసులు కేసు పెట్టారు. అప్పటికే 40 నకిలీ సైట్ల మీద కేసులున్నాయి, ఇది 41వది. అప్పటి అసలు అడ్రస్ 'తిరుపతిబాలాజీ', చుక్క, 'ఏపీ', చుక్క, 'గవ్', చుక్క, 'ఇన్'. నకిలీవాడు మధ్యలో చుక్కలు తీసి అడ్డగీతలు పెట్టాడు, చివర్లో చుక్క 'ఆర్గ్' అన్నాడు. చూసే కంటికి ఏపీ కనపడింది, గవ్ కనపడింది, చాలనిపించింది. 'గవ్ డాట్ ఇన్' ప్రభుత్వాలకు తప్ప దొరకదు, 'ఆర్గ్' ఎవరైనా కొనొచ్చు. అందుకే అడ్రస్ చదివేటప్పుడు చివరి నుంచి వెనక్కి చదవాలి. తాళం గుర్తు చూసి మోసపోకండి, నకిలీ సైట్‌కూ అది వస్తుంది. ఇప్పటి అసలు సైట్ 'టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్'. ఒక్కసారి సరిచూసుకుని బుక్‌మార్క్ పెట్టండి.

ఇన్ని 'వద్దు'లు చెప్పాను కాబట్టి, చేయాల్సింది ఒకటి చెప్తాను. క్రోమ్‌లో గెస్ట్ విండో అని ఉంది. పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కితే కనపడుతుంది. అందులో ఏ ఎక్స్‌టెన్షనూ పనిచేయదు. విండో మూసేయగానే లాగిన్లు, హిస్టరీ, కుకీలు పోతాయి. డెస్క్‌టాప్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో 'టార్గెట్' గడి చివర ఒక ఖాళీ వదిలి, రెండు చిన్న గీతలు పెట్టి 'గెస్ట్' అని ఇంగ్లిష్‌లో చేరిస్తే నేరుగా అదే తెరుచుకుంటుంది. కస్టమర్ పని మొత్తం అందులో చేయండి, ప్రతి మనిషికీ ఒకసారి మూసి తెరవండి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో చూస్తుంటాను, వెబ్ ఆప్షన్లు పెట్టడానికి పిల్లలు వరుసగా వస్తుంటే, 'సేవ్ పాస్‌వర్డ్' అన్న ప్రతిసారీ 'ఎస్' కొట్టేస్తుంటారు. చూడాలంటే అన్ని పాస్‌వర్డ్లూ ఒక్క పేజీలో దొరుకుతాయి. ఎవరో సరదాకి ఒక అమ్మాయి ఆప్షన్ల వరస మార్చితే ఆ పిల్లకు వేరే ఊళ్లో, వేరే బ్రాంచిలో సీటు పడుతుంది.

గెస్ట్ విండో కూడా డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను తుడవదు, అది మీరే చేయాలి. కొన్ని షాపుల్లో ఆ ఫోల్డర్ తెరిస్తే ఏడాది నాటి ఈ-ఆధార్ పీడీఎఫ్‌లు ఉంటాయి. పాస్‌వర్డ్ ఉంది కదా అంటారు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం, ఇదే దాని పాస్‌వర్డ్ అని ఊరందరికీ తెలుసు. సాయంత్రం షట్టర్ దించే ముందు ఆ ఫోల్డర్ ఖాళీ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

విండోస్ 7 మెషిన్ల సంగతి మీకు తెలిసిందే. వాటికి క్రోమ్ 109తో, అంటే 2023 మొదట్లోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 10కి కూడా మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కొత్తది కొనే స్తోమత లేనివాళ్లు పాత మెషిన్‌ను స్కానింగ్‌కు, ప్రింటింగ్‌కు ఉంచుకుని, లాగిన్ అయ్యే పనులు మాత్రం ఉన్న వాటిలో కొత్త మెషిన్ మీద పెట్టుకోండి.

చట్టం గురించి ఎక్కువ చెప్పను. 2011 సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం వచ్చినవాళ్ల వివరాల రిజిస్టర్ కనీసం ఏడాది దాచాలి. అది మీలో ఎంతమంది చేస్తున్నారో మీకే తెలుసు. అధికారం లేకుండా రైలు టికెట్ల వ్యాపారం చేస్తే రైల్వే చట్టం 143వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. జిప్ రాసినవాడు ఎక్కడుంటాడో తెలియదు, ఐపీ అడ్రస్ మాత్రం మీ షాపుది.

గ్రూపు అడ్మిన్‌లుగా ఉన్న అన్నలను ప్రత్యేకంగా అడుగుతున్నాను. మీ గ్రూపులో ఎవరైనా జిప్, ఈఎక్స్‌ఈ, ఏపీకే పెడితే వెంటనే డిలీట్ చేయండి. పెట్టినవాడు మనవాడే అయినా సరే, వాడికీ ఎవరో పంపిందే అది. ఏ సాఫ్ట్‌వేర్ అవసరమైనా దాని అసలు సైట్ అడ్రస్ మాత్రమే గ్రూపులో పెట్టండి.

ఈ నెల కోటాకు ముందు ప్రతి మెషిన్‌లో ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి, ఏది ఎందుకు ఉందో చెప్పలేకపోతే 'రిమూవ్' కొట్టి, డెవలపర్ మోడ్ ఆఫ్ చేయండి. అక్కడితో అయిపోదు. పోయిన కుకీ ఎక్స్‌టెన్షన్ తీసేసినంత మాత్రాన వెనక్కి రాదు. మీ జీమెయిల్, బ్యాంకు, పోర్టల్ అకౌంట్ల పాస్‌వర్డ్లు వేరే మంచి మెషిన్ నుంచో ఫోన్ నుంచో మార్చండి, 'అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్' అనేది ఉన్నచోటల్లా నొక్కండి. క్రాక్ రన్ చేసిన సిస్టమ్ అయితే ఫార్మాట్ తప్ప దారి లేదు, దానికి నన్నే పిలవక్కర్లేదు, తెలిసిన ఎవరినైనా పిలవండి. ఆ మెషిన్ మీద పని చేయించుకున్న కస్టమర్ల నంబర్లు మీ దగ్గరుంటే ఫోన్ చేసి పాస్‌వర్డ్ మార్చుకోమని చెప్పండి. పరువు పోతుందని ఆగకండి. ఎవరికైనా డబ్బు పోయిందని తెలిస్తే రేపటిదాకా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

ఇట్లు,
మీ కౌంటర్ల వెనక పనిచేసే సర్వీసింగ్ మనిషి,
తిరుపతి